పడవకు పిట్టగోడ

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



గడచిన జూన్ మాసములో, వేట నిషేధకాలము ముగియుటకు రెండు మూడు దినములు ముందుగా, కాకినాడకు ఉత్తరపు తీరమున నున్న ఒక చిన్న సంఘమువారు పిలువగా మేము వెళ్లి ఒక పడవకు ప్రార్థన చేసితిమి. అది క్రొత్త పడవ కాదు. ఇదివరకే ఇద్దరి చేతులు మారిన ఫైబరు పడవ. దానికొక చిన్న ఇంజను. కొన్న సహోదరుడు పండ్రెండేండ్లు పరుల పడవలమీద వాటాకు వేట చేసినవాడు. భార్య డ్వాక్రా సంఘములో తీసిన అప్పును, కుదువబెట్టిన రెండు గాజులును, ఇంకను ఏవేవో కూడబెట్టి ముప్పదిరెండవ యేట మొదటిసారిగా తన పేర ఒక పడవ గలవాడాయెను. ఇసుకలో పడవ చుట్టును సంఘమంతయు నిలువబడి యుండగా, ఆ దంపతుల ముఖములలోని సంతోషము చూచి మా హృదయమును పొంగినది. ఆ పొంగులో మేము ప్రార్థనయందు పెద్ద మాటలు పలికితిమి. ఏ కెరటమును ఈ పడవను ముట్టకూడదనియు, ఏ గాలియు దీనిమీద వీచకూడదనియు వేడుకొంటిమి. అందరును ఆమేన్ అనిరి.

రెండు నెలల తరువాత ఆ ఊరికి మరల పోయినప్పుడు వారి యింట భోజనము చేసితిమి. తల యెత్తి చూడగా అటకమీద నాలుగు లైఫ్ జాకెట్లు కనబడినవి. మూడు మూటగట్టి యున్నవి. నాలుగవది ఉల్లిపాయల బుట్టక్రింద ఎత్తునకు పెట్టియున్నది. ఇవి పడవలో ఉండవలసినవి గదా, యింటిలో ఏల అని అడిగితిమి. ఆ సహోదరుడు కొంచెము సిగ్గుపడి ఇట్లనెను:

“అయ్యగారూ, తమరు ప్రార్థన చేసిన పడవ గదండీ. మళ్లీ ఇవి తగిలించుకుని ఎక్కితే ప్రార్థన మీద నమ్మకం లేనట్టు కాదాండీ? మా జట్టోళ్లు కూడా నవ్వుతారండి.”

అతడు పరిహాసమునకు అనలేదు. నిజముగా భయభక్తులతో అన్నాడు. మేము అన్నము ముద్ద చేతిలో పట్టుకొని కొంతసేపు ఊరకుంటిమి. ఏలయనగా ఆ తలంపు అతనికి ఎక్కడనుండి వచ్చినది? మా నోటనుండియే గదా! ఆనాడు మేము సరియైన ఉత్తరము ఇయ్యలేకపోతిమి. ఈ వ్యాసము ఆ ఉత్తరమే యని చదువరులు తలంచవచ్చును.

విశ్వాసి జాగ్రత్తపడుట అవిశ్వాసమా? ఈ ప్రశ్న సముద్రతీరమున మాత్రమే పుట్టునది కాదు. పాము కరచినవాని యింటిలోను, కాన్పు కష్టమైన యింటిలోను ఇదే ప్రశ్న వినుచున్నాము. అయితే పడవ విషయములో ఇది మరింత స్పష్టముగా కనబడును. ఎందుకనగా పడవలో ఒక్కడు కూర్చుండడు.

ద్వితీయోపదేశకాండములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. అనేకులు దానిని చదువుచు దాటిపోవుదురు. క్రొత్త యిల్లు కట్టుకొనువాడు ఇంటి పైకప్పునకు చుట్టును పిట్టగోడ కట్టించవలెననియు, లేనియెడల ఎవడైన అక్కడనుండి పడి చచ్చినచో ఆ రక్తదోషము ఇంటిమీదికి వచ్చుననియు దాని తాత్పర్యము. ఆ దేశపు మిద్దెలు చదునైనవి. రాహాబు జనుపకట్టె ఆరబెట్టినది మిద్దెమీదనే. పేతురు ప్రార్థనకు ఎక్కినది మిద్దెమీదికే. కాబట్టి పిల్లలు, చుట్టములు, పనివారు అందరును అక్కడ తిరుగుదురు. దేవుడు తన ప్రజలను కాపాడుదునని యెన్నో చోట్ల వాగ్దానము చేసియున్నాడు. అయినను ఇక్కడ, మీలో ఎవడును పడకుండ నేను చూచుకొందును, గోడకు ఖర్చు దండుగ అని చెప్పలేదు. గోడ కట్టుమనెను. ఇంకొక సంగతి గమనించుడి. పడినవాడు ఎంత అజాగ్రత్తగా నడిచెనో, త్రాగియుండెనో, నిద్రమత్తులో ఉండెనో, ఆ మాట అక్కడ ఎత్తనే లేదు. దోషము ఇంటిమీదికి వచ్చును. అనగా యజమానుడగుటతోనే ఒక క్రొత్త భారము మనుష్యుని భుజముమీదికి ఎక్కుచున్నది.

మన సహోదరుడు పండ్రెండేండ్లు జట్టువాడుగా ఉన్నంతకాలము అతడు తన ప్రాణమునకు మాత్రమే బాధ్యుడు. పడవ కొన్ననాటి ఉదయమున ముగ్గురు పరుల ప్రాణములు అతని చేతిలోనికి వచ్చినవి. చేపలు పట్టుట అతనికి ఎవరును నేర్పనక్కరలేదు. కవళ్లు ఎక్కడ గుంపుకట్టునో, వంజరమునకు ఏ కన్ను గల వల వేయవలెనో అతనికి బాగుగా తెలియును. తెలియనిది యజమానత్వము.

అయితే పడవకు పిట్టగోడ ఏది? మేము సముద్రపు మనుష్యులము కాము గనుక ఆ తీరపు పెద్దలను అడిగి తెలిసికొంటిమి. వారు చెప్పినవి క్రొత్తగా పడవ కొన్న ప్రతి విశ్వాసి యింటిలోను చదువబడవలెనని ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదట కెరటాల వరుస. మన తీరమున చిన్న పడవకు లోసముద్రముకంటె ఒడ్డు దగ్గర విరుగు కెరటములే యెక్కువ ప్రమాదము. కెరటములు ఒకే తీరుగా రావు. కొన్ని పెద్దవి గుంపుగా వచ్చి, పిమ్మట కొంతసేపు తగ్గును. పెద్దలు ఒడ్డున నిలిచి ఆ వరుసలను లెక్కించుచుందురు. క్రొత్త యజమానుడు తొందరపడి త్రోయును. పడవ ముక్కు కెరటమునకు ఎదురుగా ఉండవలెను. ప్రక్క తిరిగినదా, బోల్తా పడినట్లే. తిరిగి వచ్చునప్పుడు మరి కష్టము. కెరటము వీపుమీద వెనువెంట రావలెనే గాని దానికి ముందు పరుగెత్తరాదు. ముందు పరుగెత్తిన పడవ అడ్డము తిరుగును. “పోయేటప్పుడు ఓపికండి, వచ్చేటప్పుడు అంతకంటె ఓపికండి” అని ఒక వృద్ధుడు మాతో అనెను. కాకినాడ సముద్రశాఖకు హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ అడ్డముగా ఉండుటచేత లోపలి నీరు చెరువువలె ఉండును. అక్కడ నడిపి నేర్చుకొన్నవాడు బయటి సముద్రమును కూడ అట్టిదే అనుకొనును. ఏటి మొగలు ఇంకను మోసకరమైనవి. పాటువేళ ఏటి నీరు బయటికి లాగుచుండగా సముద్రపు గాలి ఎదురు కొట్టినచో అక్కడ కెరటము నిలువుగా లేచును. పైగా ఇసుక మేట యేటేట స్థలము మారును. అమావాస్య పున్నమి దినములలో పోటుపాటులు హెచ్చు గనుక మరింత జాగ్రత్త కావలెను.

తరువాత గాలి. ఎండకాలమున తెల్లవారుజామున నేలగాలి సముద్రమువైపు వీచును. మధ్యాహ్నమునకు సముద్రపుగాలి ఒడ్డువైపు తిరుగును. పూర్వము తెరచాప తెప్పలవారు ఈ గాలులతోనే పోయి వచ్చుచుండిరి. ఇంజను వచ్చిన తరువాత ఆ లెక్క మరచిరి. ఇంజను ఆగిపోయినవానికి మాత్రము అది వెంటనే జ్ఞాపకము వచ్చును! కాబట్టి తెడ్లును, చిన్న తెరచాపయు ఎల్లప్పుడు పడవలో ఉండవలెను. చమురును మూడు భాగములు చేయుమని పెద్దలందురు: ఒక భాగము పోవుటకు, ఒకటి వచ్చుటకు, మూడవది ముట్టుకొనకుండ. అప్పు గలవానికి ఆ మూడవ భాగము దండుగగా కనబడును. గాలి లేకుండనే దూరమునుండి పొడుగైన పొంగు నెమ్మదిగా వచ్చుచున్న యెడల, ఆకాశము ఎంత తేటగా ఉన్నను, ఎక్కడనో పెద్ద గాలి పుట్టినదని తెలిసికొనవలెను.

లంగరుత్రాడు లోతునకు అయిదారు రెట్లు పొడుగుండవలెను. పొట్టి త్రాడునకు లంగరు నిలువదు. నీరు తోడు డబ్బా త్రాటితో పడవకు కట్టియుండవలెను. గుర్తులు చూచు విద్య పిల్లలకు నేర్పవలెను. దగ్గరి తాడిచెట్టును దూరపు దీపస్తంభమును ఒక వరుసలో పెట్టుకొని చూచినచో పడవ నీటివాలున కొట్టుకొని పోవుచున్నదో లేదో తెలియును. ఇప్పుడు చేతి ఫోనే దిక్కు చూపునని పడుచువారు అందురు. చూపును, తడవనంతవరకు. దానిని ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచుకొనుట మంచిది. ఆపదలో తీరరక్షక దళమువారి 1554 నెంబరు కూడ అందులోనే పలుకును. ఒంటరిగా పోరాదు. లూకా సువార్త 5వ అధ్యాయములో పేతురు వల పిగులుచుండగా వేరొక దోనెలోని పాలివారికి సైగ చేసెను. ఆ రెండవ దోనె దగ్గర లేనియెడల ఆ ఆశీర్వాదమే వారిని ముంచి యుండును. రెండు దోనెలును మునుగునంతగా నిండినవని అక్కడ వ్రాయబడియున్నది. ఎక్కువ పట్టు కూడ చిన్న పడవకు ఆపదయే. ఒడ్డున ఉన్నవారికి, ఎటు పోవుచున్నామో ఏ వేళకు వచ్చెదమో చెప్పి పోవలెను. బోల్తాపడినచో పడవను విడిచి ఈదరాదు; ఈత ఎంత వచ్చినను పడవనే పట్టుకొని యుండవలెను. ఒడ్డు కనబడునదానికంటె దూరము.

చివరగా కత్తి. చేతికి అందునంత దగ్గర ఒక కత్తి ఉండవలెను. గాలి లేచినప్పుడు వల క్రింద పట్టుకొని రానియెడల దానిని కోసి విడిచిపెట్టవలసి వచ్చును. ఇదే యజమానునికి అన్నిటికంటె కఠినమైన పాఠము. వల వేలకొలది రూపాయల వస్తువు, దానిమీద అప్పు ఇంకను తీరలేదు. ఆ త్రాటిమీద కత్తి పెట్టుటకు చేయి రాని మనుష్యులు పడవతోకూడ పోయిరని పెద్దలు చెప్పిరి. అందుచేత మొదటి యేట చిన్న వల వేయుట మంచిది. తొందరగా పైకి లాగుకొనగలంత వల.

ఇక అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయమునకు వచ్చెదము. మన తీరపు సంఘములు ఈ అధ్యాయమును తమ సొంత కథవలె చదువవలెను. అందులో ఒక ఓడ యజమానుడు కనబడుచున్నాడు. అతని పేరు మనకు చెప్పబడలేదు. ఉపవాసదినము గడచిపోయినది, అనగా మన లెక్కకు ఆశ్వయుజ మాసపు రోజులు. ప్రయాణము అపాయకరమని పౌలు హెచ్చరించెను. శతాధిపతి పౌలు మాటకంటె నావికుని మాటను ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఆ రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదట. అప్పుడు మెల్లగా దక్షిణపు గాలి వీచినది. ఆ మెత్తని గాలిని చూచి తమ ఆలోచన సిద్ధించినదనుకొని లంగరెత్తిరి. కొంచెము సేపటికి ఊరకులోను అను పెనుగాలి పట్టుకొన్నది.

ఇక్కడ మేము చిరకాలము పొరపాటుగా చదివితిమని ఒప్పుకొనవలెను. పౌలు ప్రవక్త గనుక దేవుడు అతనికి తుపానును ముందుగా బయలుపరచెననుకొంటిమి. దేవదూత వచ్చుట ఆ తరువాత, ఓడ చాల దినములు కొట్టుకొనిపోయిన పిమ్మట. మొదటి హెచ్చరికలో దూత లేడు, దర్శనము లేదు. రెండవ కొరింథీ పత్రికలో పౌలు అప్పటికే మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడితిననియు, ఒక రాత్రింబగళ్లు సముద్రములో గడిపితిననియు వ్రాసియున్నాడు. ఈ ప్రయాణము ఆ పత్రిక తరువాతిది. మూడుమారులు మునిగి లేచినవాడు, పంచాంగము చూచి, ఋతువు చూచి, తనకు తోచిన మాట చెప్పెను. ఆ మాటను త్రోసివేసినవారు దర్శనమును త్రోసివేయలేదు, అనుభవమును త్రోసివేసిరి. నేడు హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థవారు సముద్రపు స్థితి తెలియజేయుచున్నారు, వాతావరణ శాఖవారు వేటకు పోవద్దని ప్రకటించుచున్నారు. అది దైవవాక్కు కాదు. పౌలు మొదటి మాటయు అట్టిదే.

అటుపిమ్మట దేవదూత పౌలుతో ఆ ఓడలోని వారందరి ప్రాణములు దక్కునని చెప్పెను. రెండువందల డెబ్బదియారుగురు! వాగ్దానము దొరికినది గదా అని పౌలు పండుకొనెనా? లేదు. నావికులు గుండు వేసి చూడగా మొదట ఇరువది బారలు, తరువాత పదునైదు బారల లోతు తేలినది. బారలతో లోతు కొలుచుట మన తీరమువారికిని తెలిసినదే గదా. ఆ రాత్రి నావికులు చిన్న పడవలో ఎక్కి పారిపోజూచిరి. అప్పుడు పౌలు శతాధిపతితో, వీరు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకొనలేరని చెప్పెను. ఈ మాటను మేము ఎన్నిసార్లు చదివినను ఆశ్చర్యము తీరదు. అందరును బ్రదుకుదురని దేవుడు చెప్పియుండగా, నావికులు పోయినయెడల బ్రదుకరని అదే నోట పౌలు చెప్పుచున్నాడు. అతనికి అందులో విరోధము కనబడలేదు. ఓడ నడుపు చేతులు వాగ్దానమునకు పోటీ కాదు. వాగ్దానము ఆ చేతుల గుండనే వచ్చుచున్నది. కడకు వారు ఒడ్డు చేరినది ఈదియు, పలకలమీదను, ఓడ చెక్కలమీదను. ఆ చెక్కముక్క పట్టుకొన్నవాని విశ్వాసము తక్కువైనదని ఎవడనును? (వారు అమరమునుండి నాలుగు లంగరులు వేసిరి. అది పెద్ద ఓడ. మన చిన్న పడవకు ఎన్నడును వెనుకనుండి లంగరు వేయరాదు. కెరటము వెనుకనుండి ఎక్కి నింపివేయును. వాక్యమును చదివి దానినికూడ అనుకరింతురేమోనని భయపడి వ్రాయుచున్నాము.)

ఇంతవరకు చదివిన కొందరు మామీద ప్రసంగి గ్రంథము 11వ అధ్యాయమును తెరతురు. గాలిని కనిపెట్టుచు కూర్చున్నవాడు విత్తడని అక్కడ ఉన్నది గదా! నిజమే. ప్రతి మబ్బునకు భయపడువాడు పడవ అమ్ముకొనుట మంచిది. వేట అనునది అపాయము లేకుండ జరుగదు. ఇంకొకరు పేతురును ముందుకు తెత్తురు. రాత్రియంతయు శ్రమపడి యేమియు దొరకకపోయినను ప్రభువు మాటచొప్పున వల వేసెను గదా, అక్కడ అనుభవమును ప్రక్కకు పెట్టలేదా? పెట్టెను. అయితే ఏమి పోవుననుకొని పెట్టెను? ఒక ఉదయపు నిద్ర, కడిగిన వలలు మరల కడుగు శ్రమ. నీళ్లమీద నడచిన సంగతి అనగా, పేతురు తానొక్కడే దోనె దిగెను. నీళ్లు మోయునో మోయవో చూడుమని అంద్రెయను ముందు దింపలేదు. మాకు తోచినదేమనగా, ఒకడు తన ప్రాణమును తన విశ్వాసమునకు అప్పగింపవచ్చును. పరుని ప్రాణమును తన విశ్వాసమునకు అప్పగించు అధికారము వానికి లేదు. జట్టువాడు “పోదామయ్యా” అన్నను అది స్వేచ్ఛగా అన్న మాట అని నమ్మరాదు. వద్దన్నచో రేపు వాటా ఉండదని వానికి తెలియును.

మత్తయి సువార్త 4వ అధ్యాయములో అపవాది ప్రభువును దేవాలయ శిఖరమునకు తీసికొనిపోయెను. దూతలు ఎత్తిపట్టుకొందురను వాగ్దానమును చూపి దూకుమనెను. పిట్టగోడ ఉండని చోట వాగ్దానమును వినిపించుట వాని నేర్పు. అటకమీది జాకెట్లు చూచిన దినమున ఈ అధ్యాయము మాకు జ్ఞాపకమురాలేదు. బస్సులో తిరిగి వచ్చుచుండగా వచ్చినది, తల వంచుకొంటిమి. సెప్టెంబరులో మరల పోయి ఇవన్నియు ఆ సహోదరునితో మాటలాడితిమి. మా ప్రార్థనలోని తప్పును కూడ ఒప్పుకొంటిమి. అతడు విని, జాకెట్లు దింపి, ఉల్లిపాయల పొట్టు దులిపెను. భార్య అనెను: “నేను మొదటి రోజే చెప్పానండి. ఆడదాని మాట గదా!”

గడచిన నవంబరు నెలలో ఒక తెల్లవారుజామున జరిగిన సంగతి ఇప్పుడు చెప్పవలెను. గట్టి గాలులు రావచ్చుననియు వేటకు పోవద్దనియు ముందునాడు ప్రకటన వచ్చినది. ఆకాశము మాత్రము అద్దమువలె ఉండెను. ఊరివారు పోవుటకు సిద్ధపడిరి. మన సహోదరుడును బయలుదేరెను. అప్పు వాయిదా నాలుగు దినములలో ఉన్నది. కెరటాలు దాటి బయటికి పోగానే గాలి లేని నీటిమీద ఆ పొడుగైన పొంగు కనబడినది. అతడు కొంతసేపు ఇంజను తగ్గించి చూచి, పడవను వెనుకకు త్రిప్పెను. జట్టువారు ముగ్గురును ఊరకుండలేదు. వారిలో అందరికంటె చిన్నవాడు ఒడ్డునకు వచ్చువరకు సణుగుచునే యుండెను.

తక్కిన పడవలు పోయినవి. మధ్యాహ్నమునకు అన్నియు క్షేమముగా తిరిగి వచ్చినవి. కవళ్లు విరివిగా పడినవి, ధరయు బాగుగా పలికినది. గాలి ఎటో తప్పుకొని పోయెను. ఆ సాయంకాలము మన సహోదరుని చూచి నవ్వనివారు లేరు. చిన్నవాడు మరునాటినుండి వేరొక పడవకు పోయెను. వాయిదా తప్పినది.

అతడు చేసినది తప్పా? చాలమంది తప్పేనందురు, ఫలము కండ్లముందర ఉన్నది గదా. మేము అట్లు అనజాలము. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి ఇదే తీరమున కాకినాడ దక్షిణపు ప్రక్క తుపాను తాకినది. సముద్రము మీదనున్న వేటగాండ్రు అనేకులు తిరిగి రాలేదు. ఇప్పటికిని ఆ యిండ్లలో నవంబరు నెల వేరుగా గడచును. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమకు జరిగినది మన పెద్దలకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రులకు ముందు కూడ ఎన్నో నవంబరు ఉదయములు క్షేమముగానే గడచెను. మిద్దెమీది పిట్టగోడకు పదియేండ్లు ఎవడును ఆనుకొనకపోవచ్చును. అంతమాత్రమున దానిని పడగొట్టి ఇటుకలు అమ్ముకొందుమా? క్షేమముగా వచ్చిన పడవ, పోవుట మంచిదని రుజువు చేయదు; క్షేమముగా వచ్చినదని మాత్రము చెప్పును. అయితే ఆ ఉత్తరము వాయిదా తప్పిన యింటిలో అన్నము పెట్టదని మాకు తెలియును. నీతి చెప్పుట మాకు సులభము. మా జీతము గాలిమీద ఆధారపడి లేదు.

ఒక విషయము ఆ దినమున మాకెవరికిని తట్టలేదు, అతనికి తట్టినది. ఆ సాయంకాలము అతడు తన యింటి బియ్యము మూడు భాగములు చేసి, ఒక్కొక్కటి ఒక్కొక్క జట్టువాని యింటికి మోసికొని పోయెను. సణిగినవాని యింటికి కూడ. లెక్క వ్రాసికొనలేదు. ఏల అట్లు చేసితివని తరువాత మేము అడుగగా, “నా మాట మీద తిరిగొచ్చారు గదండీ. గోడ కట్టే ఖర్చు ఇంటాయనదే గదా, పైన పడుకునేవాడిది కాదు గదండీ” అనెను. మేము చెప్పిన ద్వితీయోపదేశకాండపు మాటను అతడు మాకంటె ముందుకు చదివెను. వెనుకకు తిరుగుమనుట యజమానుని హక్కు అని మాత్రమే మేము తలంచితిమి. ఆ తిరుగుటవలన పోయిన కూలి ఎవరిది అని మేము అడుగనే లేదు.

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అరువది యొక్క దినముల నిషేధకాలమునకు అర్హులైన వేటగాండ్రకు ప్రభుత్వము భృతి ఇచ్చుచున్నది. ఒడ్డునుండి చూచి వెనుకకు తిరిగిన ఒక్క దినమునకు భృతి ఇచ్చువారు ఎవరును లేరు. ఆ దినమున పడవలను సముద్రములోనికి త్రోయునది ధైర్యము కాదు, ఖాళీ కుండ. ఆ కుండ సంగతి యెత్తకుండ ధైర్యమును గూర్చియు విశ్వాసమును గూర్చియు ప్రసంగించుట మాకు ఇకమీదట కష్టము.

ఆ సంఘపు స్త్రీలు ప్రతిపూట వంటకు ముందు గుప్పెడు బియ్యము తీసి దేవుని సంచిలో వేయు అలవాటు గలవారు. నెలాఖరున అది అమ్మగా వచ్చిన రొక్కము మందిరపు ఖర్చులకు పోవుచున్నది. క్రిస్మసు ముందు జరిగిన కూటములో ఒక వృద్ధురాలు లేచి, తుపాను హెచ్చరిక వచ్చి పడవలు పోని దినములలో ఈ బియ్యము జట్టువారి యిండ్లకు ఏల పంపరాదని అడిగెను. 1996లో ఆమె పెనిమిటియు, ఒక కుమారుడును సముద్రమునకు పోయి రాలేదని మాకు తరువాత తెలిసినది. సంఘపెద్దలలో ఒకరు, మందిరపు కప్పు కారుచున్నదనియు, మొదలుపెట్టినచో ప్రతి మబ్బునకు బియ్యమడుగుదురనియు అనిరి. ఆయన మాటలోను కొంత న్యాయము లేకపోలేదు. కప్పు నిజముగా కారుచున్నది, ఆ దినము మేము కూర్చున్న చోటనే రెండు చుక్కలు పడినవి. మా అభిప్రాయము అడిగినప్పుడు వృద్ధురాలి పక్షమున చెప్పితిమి. తీర్మానము మాత్రము వచ్చే కూటమునకు వాయిదా పడినది.

జనవరిలో చివరిసారి పోయినప్పుడు సణిగిన చిన్నవాడు మరల ఆ పడవలోనే ఉండెను. ఎందుకు తిరిగి వచ్చితివని మేము అడుగలేదు. వాని తల్లి పెరటిలో నాలుగు జాకెట్లును మంచినీటితో కడిగి ఉప్పు వదలగొట్టి దండెముమీద ఆరవేయుచుండెను. కొన్న పడవకు అడుగున ఒక పగులు కనబడినదనియు, వేసవి నిషేధములో బాగుచేయించవలెననియు సహోదరుడు చెప్పెను. డబ్బు ఇంకను కూడలేదు.